మోగితే మంచిదన్నారు

మా కారు ఇంజను మోగుతోందని మొదట చెప్పింది నేను. అదేం లేదని చెప్పినవాళ్లు మా వరసలోని క్వార్టర్లవాళ్లు అందరూ. మొదటివాడు మా ఆయన.

అది పాత తెల్ల కారు. జ్యోతినగర్‌లో ఒక ఇంజనీరుగారు బదిలీ మీద వెళ్లిపోతూ అమ్మితే కొన్నాం. కొన్నది నా కోసం. నేను టీచర్ని. గోదావరి బ్రిడ్జి దాటాక జైపూర్ వైపు ఒక ఊళ్లో మా బడి. బస్సులో నిలబడి పోయి రావడంతో నడుం పనికిరాకుండా పోతోందని గొడవపెడితే, ఆ గొడవ పడలేక కొన్నాడు. డ్రైవింగ్ నేర్చుకున్నదీ నేనే. ఆయనకు బండి నడపడం ఇష్టం లేదు. "నన్ను బొగ్గుబాయిలకు దిగుమను దిగుత. గీ రోడ్డు మీద లారీల నడుమ నాతోని గాదు" అనేవాడు. సెలవున్న రోజు మాత్రం పక్క సీట్లో కూర్చుని, నేను బ్రేకు వేసినప్పుడల్లా తనూ కాలు నొక్కేవాడు.

మేనమామ కొడుకు కాబట్టి పెళ్లయ్యాక కూడా ఆయన్ని బావా అనే పిలుస్తాను. ఆయనకు నేను మామూలుగా ఏమే, కోపమొస్తే పంతులమ్మని. ప్రత్యేక రాష్ట్రం ఇంకా రాలేదు. రేపో మాపో వస్తుందని ఏటా అనుకుంటూ, ఏటా ధర్నాలకు పోతూ ఉన్న రోజులవి.

ఓపెన్‌కాస్టు గనిలోంచి తవ్వి పోసిన మట్టి గుట్టలై పెరిగిన చోట మా రోడ్డు కొంచెం పైకి ఎక్కుతుంది. ఆ ఎక్కుడు మీద టాప్ గేరులో ఉండి యాక్సిలరేటర్ నొక్కితే ఇంజనులోంచి సన్నగా ఒక చప్పుడు వచ్చేది. స్టీలు గ్లాసులో గులకరాళ్లు పోసి ఊపినట్టు, టింగుటింగుమని. కాలు తీస్తే ఆగిపోయేది. మళ్లీ నొక్కితే మళ్లీ వచ్చేది. ఒక వారం ఊరుకున్నాను. తర్వాత ఆయన పక్కన ఉన్న రోజు చెప్పాను.

"బావా, ఇంజను మోగుతంది."

"ఏం మోగుతలేదు."

"జర ఇను."

విన్నాడు. కళ్లు మూసుకుని మరీ విన్నాడు. చివరికి, "ఇంజనన్నంక సప్పుడు జెయ్యదా? మంచిగనే ఉన్నది. నడుపు" అన్నాడు.

పక్కన కూర్చున్న మనిషి, నా చెవుల్లో గింగురుమంటున్న చప్పుడు లేనే లేదంటే ఒళ్లు మండదా? మండింది. "లేని సప్పుడు నాకొక్కదానికే ఇనిపిస్తందా? నాకేమన్న దయ్యం పట్టిందా?" అన్నాను. "పట్టిందో లేదో నాకెట్ల తెలుస్తది పంతులమ్మా" అన్నాడు.

ఇక్కడ ఆయన పని గురించి చెప్పాలి. చెప్పకపోతే నా కోపమే పెద్దదిగా కనిపిస్తుంది.

మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. బావ బాయిలో సర్దార్. షిఫ్టు మొదలయ్యేముందు, మనుషులింకా లోపలికి రాకముందే, సర్దార్ ముందు వెళ్లాలి. పని జరగబోయే చోట నిలబడి, ఇనుప పొన్ను తొడిగిన కర్రతో పైకప్పును తట్టి చూడాలి. కప్పు గట్టిగా ఉంటే ఖంగుమని మోగుతుంది. లోపల పగులుంటే, పొర విడిపోయి ఉంటే, మోగదు. డొల్ల చప్పుడొస్తుంది. మోగితే పని. డొల్ల అయితే సపోర్టులు పెట్టేదాకా ఎవరూ దాని కిందికి పోకూడదు. వాళ్ల బాయిలో కప్పు ఎత్తు. చెయ్యి ఆనించి అదురు చూద్దామన్నా అందదు. చెవే దిక్కు. ఆ చెవితో విని ఆయన సరే అంటే షిఫ్టు మొత్తం లోపలికి నడుస్తుంది. వద్దంటే ఆగుతుంది.

చాలా ఏళ్లు ఆ మాట మీద ఎవరూ మాట అనలేదు. బావ సరే అన్న కప్పు కింద మావాళ్లు టిఫిన్ డబ్బాలు విప్పుకుని తినేవాళ్లు. అంతకుమించి బాయిలో మెప్పు ఉండదు.

కారు కొన్న ఏడాది అది మారిపోయింది. బావ ఎక్కడ తట్టినా కప్పు బాగాలేదనడం మొదలుపెట్టాడు. ఇక్కడ పని ఆపండి, అక్కడ ఇంకో సపోర్టు పెట్టండి. మొదట్లో విన్నారు. తర్వాత గొణిగారు. ఎందుకంటే, తర్వాతి షిఫ్టు సర్దార్ వచ్చి అదే కప్పును అలాంటి కర్రతోనే తట్టి, "మోగుతంది గదా, నడువుండ్రి" అనేవాడు. జనం పోయేవారు. పని చేసుకుని పైకి వచ్చేవారు. ఏమీ కూలేది కాదు.

కప్పు కూలకపోవడం మా ఆయనకు అవమానమైపోయింది. లోకంలో ఇంకెవరికైనా ఇలాంటి కష్టం వచ్చిందో లేదో నాకు తెలియదు. కూలితే బాగుండునని అనుకోలేడు. కూలలేదని అందరితో కలిసి సంతోషపడదామంటే, ఆ సంతోషం తన పరువు తీసేది. రోజూ ఆయన ప్రమాదం అనడం, రోజూ ఏమీ జరగకపోవడం.

సర్దార్‌కు భయం పట్టుకుంది అనే మాట పుట్టింది. భయం తప్పని మావాళ్లు అనరు. బాయి మొగదల మైసమ్మకు మొక్కకుండా ఎవడూ దిగడు. కానీ సర్దార్ భయం వేరు. అందరి భయానికీ జవాబు చెప్పాల్సినవాడు ఆయనే. మేనేజరు పిలిపించి మర్యాదగానే అన్నాడట, ఇట్లాగే ఉంటే కింద పని వద్దులే, పైన ఏదైనా చూద్దాం అని. భయపడ్డాడని పైకి పంపిన సర్దార్ మా కాలనీలో తలెత్తుకు తిరగలేడు. రిటైరయ్యాక కూడా ఆ మాట ఆయన వెనకాలే వస్తుంది. ఆస్తులు లేవు, పదవులు లేవు. మంచి సర్దార్ అన్న పేరు ఒక్కటే ఉంది. అదే పోతోంది.

"నిజంగ కప్పులన్ని చెడిపోయినయా బావా?" అని అడిగాను ఒకరోజు అన్నం పెడుతూ.

"అన్ని గాదు. నేను తట్టినయన్ని."

హాస్యానికి అన్నాడో, ఉన్నమాటే అన్నాడో తెలియలేదు. ఆయన ముఖం ఎప్పుడూ ఒకటే. మా పెళ్లి ఫొటోలో కూడా డ్యూటీకి ఆలస్యమైనవాడిలా నిలబడి ఉంటాడు. కానీ అన్నం సగంలో వదిలేసి లేచాడు. ఆ మధ్య రోజూ అదే వరస. షిఫ్టు అయ్యి ఇంటికొచ్చాక కూడా, రోడ్డు మీద అంబులెన్సు పోతే గేటు దాకా వెళ్లి చూసేవాడు.

నల్లా దగ్గర ఎదురు క్వార్టరావిడ నాకు సలహా ఇచ్చింది. "అక్కా, మీ ఆయనకు దర్గాకాడ తాయెత్తు కట్టియ్యరాదు? భయం పోతదట." నేను బిందె దించి, "ముందుగాల మీ ఆయన నోటికి కట్టియ్యి చెల్లె. ఇద్దరికి ఒక్కసారే పని అయిపోతది" అన్నాను. ఎందుకంటే ఆ మాటను కాలనీ అంతా మోసింది వాళ్లాయనే. బావ షిఫ్టులోనే బొగ్గు నింపేవాడు. బావను అన్నా అంటాడు, నన్ను అక్కా అంటాడు, మా ఇంట్లో చాయ్ తాగుతాడు, బయటికి పోయి సర్దార్ భయం గురించి చెప్పి నవ్విస్తాడు. చెడ్డవాడు కాదు. నోరు ఊరుకోదు.

ఆదివారం ప్లేడే. అంటే బాయిలకు సెలవు. ఆ రోజు మా క్వార్టర్ ముందు కారు బానెట్ తెరిచి చూస్తుంటే ఈ తమ్ముడు వచ్చాడు. ఏందక్కా అన్నాడు. చప్పుడు సంగతి చెప్పాను. చప్పుడు అనగానే అతని ముఖంలో ఉత్సాహం వచ్చింది. పక్క క్వార్టర్లనుంచి ఇంకో ముగ్గుర్ని కేకేశాడు. అందరూ బాయివాళ్లే. చప్పుడు వినమంటే కాదనేవాళ్లెవరూ అందులో లేరు. ఎక్కుడు మీదనే వస్తుందని చెబితే, మరి నడువు అక్కా అని నలుగురూ వెనక సీట్లోకి ఎక్కేశారు. ముందు బావ. నేను నడిపాను.

అంత బరువుతో ఎక్కుడు మీదకు రాగానే ఇంజను మునుపెన్నడూ మోగనంతగా మోగింది. వెనక మాటలు ఆగిపోయాయి. అద్దంలో చూశాను. చప్పుడు వచ్చేది ముందున్న బానెట్ కిందినుంచి. నలుగురూ మాత్రం తలలెత్తి కారు పైకప్పు వంక చూస్తున్నారు.

"బాగ మోగుతంది" అన్నాడు ఒకాయన తృప్తిగా.

"ఖంగు ఖంగుమంటంది" అన్నాడు తమ్ముడు. "అక్కా, నువ్వు ఉత్తగనే ఫికర్ జేస్తున్నవ్. మోగుతందంటే గట్టిగున్నట్టు. డొల్ల సప్పుడొస్తే చెప్పు, అప్పుడు చూద్దాం."

"తమ్మీ, ఇది బాయి గాదు. బండి."

"రాయైతేంది, ఇనుమైతేంది. సప్పుడు సప్పుడే గదా అక్కా."

మిగతావాళ్లు ఔనన్నారు. ఒకాయన దిగాక బానెట్‌ను వేలి కణుపులతో రెండుసార్లు తట్టి, తలూపి, ఇంటికి పోయాడు. బొగ్గుబాయి పరీక్షలో మా కారు పాసైంది. పోయేముందు తమ్ముడు ఊరుకోకుండా, "అన్న ఏమంటడు? అన్నకు గీ కప్పు గూడ అనుమానమేనా?" అన్నాడు. అందరూ నవ్వారు.

బావ వాళ్ల ముఖాలు ఒకసారి చూసి, "మంచిగనే ఉన్నది" అన్నాడు. కొన్ని నెలల తర్వాత ఆయన ఒకదాన్ని బాగుందనడం, అందరూ ఒప్పుకోవడం అదే మొదలు. నేను మాత్రం బానెట్‌ను గట్టిగా మూశాను. నా మొగుడు కూడా వాళ్లలో కలిసిపోయాడన్న కోపం.

బాగుందన్న బండి వర్షాలు మొదలయ్యేసరికి ఎక్కుడు ఎక్కలేకపోయింది. మోత పెరిగింది, ఊపు తగ్గింది. బడికి ఆలస్యమవుతోంది. ఖని చౌరస్తా వెనక షెడ్డు ఉన్న ముసలి మెకానిక్ దగ్గరికి పోయాను. అందరూ ఆయన్ని చాచా అంటారు. చాచా మొదట పెట్రోల్ మీద అనుమానపడ్డాడు. ఇంకోచోట పోయించి చూడమన్నాడు. పోయించాను. తేడా లేదు. శుక్రవారం షెడ్డు మూస్తాను కానీ ఆదివారం ఉంటాను, సర్దార్ సాబ్‌ను కూడా తీసుకుని రమ్మన్నాడు. సర్దార్ చెవి గురించి ఆయన పాత కథలే విని ఉన్నాడు. కొత్తవి షెడ్డు దాకా రాలేదు.

ఆదివారం పోయాం. చాచా ఇంజను స్టార్ట్ చేయించి కాసేపు ఊరికే నిలబడ్డాడు. తర్వాత ప్లగ్గుల వైర్లు ఒక్కొక్కటీ పీకి, విని, మళ్లీ పెట్టాడు.

"టీచరమ్మా, ఆవాజ్ ఎప్పుడొస్తది? నిలవడ్డప్పుడా, నడిచేటప్పుడా?"

"ఎక్కుడుకాడ. కాలు నొక్కితే."

"కాలు తీస్తే?"

"బంద్."

"అట్లయితే కింద బేరింగు పోలే. బేరింగు పోతే లావు ఆవాజ్ వస్తది, ధబ్ ధబ్‌మని. గిది సన్నగ మోగుతంది."

"మోగుతందంటే మంచిదే గదా?" అన్నాడు బావ.

"నై సాబ్. గీ మోగుడే ఖరాబ్." చాచా రెండు పిడికిళ్లూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూపించాడు. పిస్టన్ ఇంకా పైకి వస్తూ ఉండగానే మంట ముందే అంటుకుంటోంది. అది కిందికి తోస్తుంది, ఇది పైకి వస్తుంది, రెండూ గుద్దుకున్న చప్పుడు అది. ఇట్లాగే నడిపితే ఏదో ఒకరోజు పిస్టన్ పగులుతుంది. మైలేజీ ఎక్కువ వస్తుందని ఎవరో టైమింగ్ ముందుకు తిప్పి ఉంటారు. ప్లగ్గులకు కరెంటు పంచే డబ్బా ఒకటుంటుంది; దాన్ని వదులు చేసి కొంచెం కొంచెం వెనక్కి తిప్పుతూ, ప్రతిసారీ ఎక్కుడు మీదికి తీసుకెళ్లి వినాలి. మోత ఎక్కడ ఆగితే అక్కడ బిగించాలి. వైద్యం అంతే.

బావ ఆలోచనలో పడ్డాడు. మోగితే చెడ్డది అనే మాట ఆయన ఆ వయసులో మొదటిసారి వినడం.

చాచా నడిపాడు. బావను ముందు కూర్చోబెట్టి, "నడిపేటోని మనసు రోడ్డు మీద ఉంటది సాబ్. మీరు ఇని చెప్పుండ్రి" అన్నాడు. నేను వెనక కూర్చున్నాను. ఎక్కుడు మీద మోగింది. నేను ముఖం చిట్లించాను. బావ వెనక్కి తిరిగి నన్ను చూశాడు. "మోగుతంది" అన్నాడు. చాచా బండి ఆపి, డబ్బాను కొంచెం తిప్పి, వెనక్కి వచ్చి మళ్లీ ఎక్కించాడు. ఈసారి కిటికీలోంచి బొగ్గు లారీల దుమ్ము కొడుతుంటే నేను ముఖానికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మోత తగ్గింది కానీ, ఆగలేదు. బావ వెనక్కి తిరిగాడు. నా కొంగు కనిపించింది.

"బంద్ అయింది" అన్నాడు.

చాచా అద్దంలోంచి నావైపు చూశాడు.

"ఇంక మోగుతనే ఉన్నది గదా బావా" అన్నాను.

"లేదు. ఆగింది."

చాచా దిగాడు. ఆయన చెయ్యి ఈసారి డబ్బాను ఎటు తిప్పిందో నాకు కనిపించలేదు కానీ, బండి ఎక్కుడు మీదికి రాగానే అర్థమైంది. ఉన్నదానికంటే ముందుకు తిప్పాడు. రోడ్డు పక్క మేకలు కాసుకుంటున్నామె తిరిగి చూసేంత మోత. నేను కొంగు తియ్యలేదు. కావాలనే తియ్యలేదు. నా కోపం అప్పటికే ఎటో పోయింది.

బావ చాలాసేపు విన్నాడు. కళ్లు మూసుకుని, పద్ధతిగా విన్నాడు.

"ఇప్పుడు మంచిగున్నది చాచా" అన్నాడు.

షెడ్డుకు తిరిగొచ్చాం. దిగాక చాచా గోడకున్న పానాల్లోంచి రెండు తీశాడు. ఒకటి మంచిది. ఒకటి మెడ దగ్గర పగిలింది. రెంటినీ దారాలతో పైన కడ్డీకి వేలాడదీశాడు. "సాబ్, జర అటు తిరుగుండ్రి" అన్నాడు. ఇది ఏ పరీక్షో బావకు చెప్పాల్సిన అవసరం లేదు. ఆయన ఎంతోమంది కొత్త పిల్లలకు పెట్టిన పరీక్షే. మా బడిపిల్లల్లాగా గోడ వైపు తిరిగి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

చాచా మంచి పానాను సుత్తితో తట్టాడు. రేకుల షెడ్డంతా ఖంగుమంది.

"డొల్ల" అన్నాడు బావ.

పగిలినదాన్ని తట్టాడు. టప్పుమంది.

"డొల్ల."

మళ్లీ మంచిది. మోత పోయి పోయి చివర సన్నని తీగలా చాలాసేపు నిలిచింది.

"ఇది గూడ చెడిపోయిందే" అన్నాడు బావ, గోడ వైపు చూస్తూనే. "ఏంది చాచా, నీ దగ్గర మంచిది ఒక్కటన్న లేదా?"

ఇటు తిరిగాడు. మా ముఖాలు చూశాడు. వచ్చి చాచా చేతిలోంచి సుత్తి తీసుకుని తనే కొట్టాడు. చెవి దగ్గర పెట్టుకుని కొట్టాడు. ఇంకో చెవి దగ్గర పెట్టుకుని కొట్టాడు.

"ఇది మోగుతందా?" అని నన్ను అడిగాడు.

"మోగుతంది బావా."

"మంచిగనా?"

"మా బడి గంట లెక్క."

ఆయన పాత టైరు మీద కూర్చున్నాడు. సుత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. చెవి పోయిందని తెలిసిన మనిషిని ఎట్లా ఓదార్చాలో ఆలోచిస్తున్నాను. కానీ ఆయన అడిగింది చెవి గురించి కాదు.

"అయితే ఆ కప్పులు మంచిగనే ఉన్నయా?"

"ఉన్నయి బావా."

"అన్ని?"

"అన్ని."

బావ పెద్దగా ఊపిరి వదిలాడు. ఆయన ముఖంలో ఏదో కదలడం నేను ఆ రోజు చూశాను. "మనోళ్లు సచ్చిపోతరనుకున్ననే" అన్నాడు. "నేను వద్దంటే ఇంకో సర్దార్ పొమ్మంటుండె. పోయినోళ్లు మీదికొచ్చే దాక రోజు గట్లనే అనుకున్న. ఇంటికొచ్చినంక గూడ చెవి గటే ఉంటుండె." ఆ చెవికి ఏమీ వినబడటం లేదన్న సంగతి ఆ క్షణాన ఆయన పట్టించుకోలేదు. చాచా చాయ్ తెప్పించాడు. బావ రెండు గ్లాసులు తాగాడు.

తర్వాత చాచా బండి పని పూర్తి చేశాడు. ఈసారి నేనే విని చెప్పాను. ఎక్కుడు మీద ఇంజను మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా ఎక్కింది. "బాగైంది బావా" అన్నాను. "అట్లనా" అన్నాడు. ఆయనకైతే అది మొదటినుంచీ బాగానే ఉంది.

మర్నాడు ఎవరూ పిలవకముందే తనే మేనేజరు దగ్గరికి పోయి చెప్పాడు. కంపెనీ దవాఖానలో చెవి పరీక్ష చేశారు. ఏళ్ల తరబడి డ్రిల్లింగు మిషన్ల మోత, ఫ్యాన్ల మోత. అట్లాంటి చోట సన్నని చప్పుళ్లు ముందు పోతాయట, లావు చప్పుళ్లు ఉంటాయట. అందుకే మనుషుల మాట చాలావరకు అందుతుంది, కప్పు మోత అందదు. నాకు అప్పుడు కుక్కర్ విజిల్ గుర్తొచ్చింది. పప్పు మాడిపోయినప్పుడల్లా పక్క గదిలోనే ఉండి లేవలేదని తిట్టేదాన్ని. డాక్టరు ఆయన్ని పై పనికి రాసి, "మోగేదాన్ని డొల్ల అంటే పని ఆగుతుంది, అంతే. డొల్లను మోగుతోందని అనుకునే చెవి అయితే ఏమయ్యేదో" అన్నాడు. బావ దీన్ని మెప్పుగా తీసుకున్నాడు.

సంగతి కాలనీకి తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఒక సాయంత్రం ఎదురు క్వార్టర్ తమ్ముడు వచ్చాడు. ఎప్పటిలా లోపలికి రాలేదు. బావ ముందర మెట్టు మీద కూర్చుని ఉంటే, కింద మెట్టు మీద కూర్చున్నాడు. బండి ఎట్లున్నది అక్కా అని నన్ను అడిగాడు. బాగుందన్నాను. వాన పడేటట్టుంది అన్నాడు. అవునన్నాను. చాయ్ ఇచ్చాను. చల్లారేదాకా చేతిలోనే పట్టుకున్నాడు. చివరికి తల వంచుకుని, చాలా మెల్లగా అడిగాడు.

"అన్నా, నువ్వు తట్టినయన్ని నీకు చెడ్డయే అనిపించినయ్ గదా. ఇప్పుడో ఇంకాసేపటికో మీద పడుతయనే అనుకున్నవ్. మరి రోజు అందరి కంటె ముందుగాల, ఒక్కనివే, వాటి కిందికి ఎట్ల పోయినవ్?"

"ఏంది?" అన్నాడు బావ.

తమ్ముడు మళ్లీ అడిగాడు.

"గట్టిగ జెప్పురా. ఇనవడ్తలేదు."

మూడోసారి తమ్ముడు లేచి నిలబడి, బావ ముఖంలో ముఖం పెట్టి, ఒక్కో మాటా విడదీసి, గొంతెత్తి అడగాల్సి వచ్చింది. అన్ని కప్పులూ కూలుతాయనుకుంటూనే రోజూ ముందు నువ్వొక్కనివే కిందికి ఎట్లా పోయావని. వరసలో తలుపులు తెరుచుకున్నాయి. బియ్యం చెరుగుతున్న వాళ్లావిడ చేటతో సహా బయటికి వచ్చింది. సైకిల్ మీద పోతున్నాయన కాలు ఆన్చి ఆగాడు. ప్రశ్న అందరికీ వినబడింది.

ఇందులో అడగడానికేముందో బావకు తెలిసినట్టు లేదు.

"నేను పోకుంటె ముందుగాల నువ్వు పోదువు గదరా" అన్నాడు.

చెవి సరిగా వినబడనివాళ్లు మాట్లాడినట్టు గట్టిగానే అన్నాడు. వరస మొత్తానికీ వినబడింది.